పుట్టింటి వైపు కాలేజీ

సుక్రి పుట్టిన ఊరి నుంచి మెట్టిన ఊరికి కాలిబాటన మూడు గంటల నడక. మధ్యలో రెండు కొండలు, ఒక గెడ్డ, ఒక రాష్ట్ర సరిహద్దు ఉన్నాయి. కొండలు ఎప్పుడూ కనిపిస్తాయి. గెడ్డ వానల్లో కనిపిస్తుంది. సరిహద్దు మాత్రం ఆఫీసు బల్లల మీదే కనిపిస్తుంది.

పెళ్ళయి అరకు వైపు వచ్చిన కొత్తలో ఆమెకు ఆ సంగతి తెలియదు. రెండు వైపులా అదే చోడి అంబలి, అదే కొండపోడు, ఇళ్ళలో మాట్లాడేది అదే ఆదివాసీ ఒడియా. రేషన్ కార్డులో పేరు ఎక్కించమని వెళ్ళిన రోజున తెలిసింది. "నువ్వు పరాయి రాష్ట్రం దానివి కదమ్మా" అన్నాడు బల్ల వెనకాల మనిషి. ఆ ఒక్క పేరు కార్డెక్కడానికి నాలుగేళ్ళు పట్టింది. నాలుగేళ్ళూ ఆ ఇంట్లో ఆమె తిన్న ప్రతి ముద్దా భర్త మంగ్లు వాటాలోంచి తీసుకున్నదే.

అలాంటి మనిషికి ఇరవై ఏళ్ళ తర్వాత మన రాష్ట్రం గొప్పతనం గురించి పాఠం చెప్పడానికి ఒకడు వచ్చాడు. వచ్చినవాడు పరాయివాడు కాదు. కొండబాబు. సుక్రి నేస్తం కొడుకు.

నేస్తం అంటే ఈ కొండల్లో ఊరికే స్నేహితురాలు కాదు. ఇద్దరు ఆడవాళ్ళు ఊరి పెద్దల ఎదుట బియ్యం, బట్టలు మార్చుకుని నేస్తం కడితే, ఆ రోజు నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఒకరి ఇంట్లో చావు వస్తే ఇంకొకరికి మైల. ఒకరి బిడ్డ ఇంకొకరికి బిడ్డ. నేస్తాల మధ్య లెక్క అడగరు, సాక్షిని పెట్టరు, కాగితం రాయించుకోరు. రాయించుకుంటే ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకుని నవ్వుతాయి.

అందుకే, ఏప్రిల్‌లో కొండబాబు వచ్చి "పిన్నీ, సోని కాగితాలియ్యి, కౌన్సిలింగ్ పని నానే సూసుకుంతాను" అంటే సుక్రి దూలం మీద నుంచి ప్లాస్టిక్ ఫైలు తీసి ఇచ్చేసింది. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, కులం సర్టిఫికెట్టు, అన్నీ ఒరిజినల్సే. రసీదు అడగలేదు. అడిగితే నేస్తానికి అవమానం.

ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా ఎవరూ చేయని పొరపాటు ఇది. మైదానంలో అన్నదమ్ములే స్టాంపు కాగితం మీద రాయించుకుంటారు. ఆ సంగతి తెలిసినవాళ్ళే కొండబాబు లాంటివాళ్ళను వెతికి పట్టుకుని పనిలో పెట్టుకుంటారు. కింద ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. దాని పేరు రాయను, అలాంటివి చాలా ఉన్నాయి. అక్కడ గిరిజన పిల్లవాడు అంటే సర్కారు నుంచి ఫీజు తెచ్చే ఒక తల. పాఠం చెప్పేవాడు ఉన్నా లేకపోయినా తలలు మాత్రం నిండాలి. ఆ తలల్ని కొండ మీద నుంచి దింపే పని కొండబాబుది. ఆ వేసవిలో అతను మూడు ఊళ్ళ నుంచి పదకొండు ఫైళ్ళు దింపాడు.

ఇదంతా తెలియని సోని మాత్రం తన చదువు తాను చదువుకుంది. గురుకులం కాలేజీలో లెక్కలు చెప్పే నిర్మల టీచర్ పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగి. తన ఉద్యోగానికి దిక్కు లేకపోయినా ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లల చేత జేఈఈ రాయిస్తుంది. ఫైలు కొండ దిగకముందే ఆమె సోని కాగితాలన్నిటినీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకుంది. ఆ ఫొటోలే అప్‌లోడ్ చేసి ఆప్షన్లు పెట్టించింది. జూన్ ఆఖర్లో సీటొచ్చింది. రూర్కెలా ఎన్‌ఐటీ, ఎలక్ట్రికల్.

"ఎలట్రికలే ఎందుకే?" అని మంగ్లు అడిగాడు.

"మన తోట మీంచి పెద్ద తీగలు పోతన్నాయి గదా నాన్నా. వానొత్తే రెండ్రోజులు మనకి సీకటి. మరి ఆ తీగల్లో ఏటి పోతందో సూడాల."

మంగ్లుకు కాఫీ మొక్కల గురించి తప్ప ఎక్కువ మాటలు రావు. సరే అన్నాడు.

వారం తిరక్కుండా కొండబాబు దిగాడు. పొయ్యి ముందు పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"పిన్నీ, రూర్కెలా అంతే ఏటనుకుంటన్నావ్? పరాయి రాష్ట్రం. బాస రాదు, తిండి పడదు. సీనియర్లు ఏడిపించేత్తారు. ఇక్కడైతే మన రాష్ట్రం, మన గవర్మెంటే ఫీజు కడతాది. బోర్డరు దాటితే రూపాయి రాదు."

సుక్రి పొయ్యిలోకి కర్ర ఎగదోస్తూ నవ్వింది. "పరాయి రాష్ట్రమేటిరా? నాను అక్కడిదాన్నే గదా. రేసన్ కారడు కాడ మీ ఆఫీసోళ్ళే సెప్పినారు."

"అది వేరు పిన్నీ."

"ఏటి వేరు? ఈ గుంటకి ఒడియా నా పాలతోటే వచ్చింది. తెలుగే, బడిలో దెబ్బలు తిని నేర్సుకున్నాది."

"ఆడపిల్లని అంత దూరం పంపుతారేటి?"

"మీ కాలేజీ సముద్రం కాడ ఉంది. నానెప్పుడైనా సముద్రం సూసానా? కోరాపుట్టు మా అన్న ఊరికి సంత. ఏది దూరంరా?"

కొండబాబు పీట మీంచి లేచాడు. అయినా ఊళ్ళో అందరి చెవినా అదే మాట వేశాడు. బోర్డరు దాటితే రూపాయి రాదు. అది సగం నిజం. రాష్ట్రం ఇచ్చే ఫీజు సరిహద్దు దాటదు, నిజమే. ఎన్‌ఐటీల్లో గిరిజన పిల్లలకు ట్యూషన్ ఫీజే లేదన్న మిగతా సగం అతను చెప్పలేదు. సగం నిజం చెప్పి పిల్లల్ని తోలుకుపోయే వాళ్ళ మీద నాకు అబద్ధాల కోరుల మీద ఉన్నదానికన్నా ఎక్కువ కోపం. అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది. సగం నిజాన్ని పట్టుకోవాలంటే చదువుండాలి. ఆ చదువు కోసమే కదా ఈ పిల్లలు బయల్దేరింది!

"సరే, కాగితాలు తెచ్చీయి. గుంట ఎల్తాది" అంది సుక్రి.

సోమవారం అన్నాడు. ఆఫీసులో ఉన్నాయన్నాడు. సార్ ఊళ్ళో లేరన్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు. రూర్కెలాలో ఒరిజినల్స్ చూపించి చేరడానికి ఆఖరి తేదీ జూలైలో ఒక శుక్రవారం. చూపించకపోతే సీటు పోయినట్టే.

మంగ్లు కాలేజీకి వెళ్ళాడు. మొదటి రోజు గేటు దగ్గర నిలబెట్టారు. రెండో రోజు లోపలికి పిలిచి, మీ అమ్మాయికి మా దగ్గర సీటు ఖాయమైపోయింది, కాగితాలు వెనక్కి కావాలంటే నాలుగేళ్ళ ఫీజు కట్టి తీసుకెళ్ళమన్నారు. సోని ఆ కాలేజీని ఏనాడూ కోరుకోలేదు. రాష్ట్రం కౌన్సిలింగ్‌లో ఆమె పేరుతో ఆప్షన్లు పెట్టింది కొండబాబు ఫోను నుంచి. పెట్టినది ఒకే ఒక్క కాలేజీ. పదకొండు మందికీ అంతే. మంగ్లు వస్తుంటే చేతిలో ఒక క్యాలెండరు పెట్టి పంపారు, కాలేజీ బొమ్మ ఉన్నది. దాన్ని అతను దారిలో పారెయ్యలేక ఇంటికి తెచ్చాడు. సుక్రి పొయ్యిలో పెట్టింది.

నిర్మల టీచర్ వాళ్ళను పాడేరు తీసుకెళ్ళి కలెక్టరాఫీసులో అర్జీ పెట్టించింది. విచారణకు రాస్తామన్నారు. విచారణ తన నడక తాను నడుస్తుంది. శుక్రవారం దాని కోసం ఆగదు.

అప్పుడు సుక్రి నేస్తం ఇంటికి వెళ్ళింది. నేస్తం చేట దించి, ఏమైందో మొత్తం వింది. ఆఖరికి, "ఆడు బుదారం వ్యానుతో వత్తాడు, పిల్లల్ని ఎక్కించుకుపోడానికి" అని మాత్రం చెప్పింది.

బుధవారం పొద్దున్న వ్యాను వచ్చింది. మెయిన్ రోడ్డు నుంచి చీలి, మూడు ఊళ్ళు తిరిగి మళ్ళీ అదే దారిన బయటికి పోవాలి. పరుపు చుట్టలు, రేకు పెట్టెలు, పది మంది పిల్లలు ఎక్కారు. సోనిని పిలవడానికి హారన్ కొడుతూ సుక్రి ఊరి మొదటికి వచ్చేసరికి దారికి అడ్డంగా పొడుగాటి వెదురు గడ ఉంది. గడ వెనకాల పాతిక మంది ఆడవాళ్ళు గొడుగులు వేసుకుని కూర్చున్నారు.

చైత్రంలో ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు ఇలాగే దారి కడతారు. కలెక్టరు కారైనా సరే, ఏదో ఒకటి చేతిలో పెట్టందే గడ లేవదు. కొత్తగా వచ్చిన డ్రైవరుకు కూడా ఆ పండగ తెలుసు. కానీ ఇది ఆషాఢం, జోరున వాన.

కొండబాబు తల బయట పెట్టి నవ్వబోయాడు. "ఏటి పిన్నీ, ఇటుకల పండగ ఎప్పుడో అయిపోనాది గదా!"

"మా పండగ మా ఇష్టం. ఇంకోపాలి సేత్తన్నాం."

గడకు రెండో కొస దగ్గర సవరమ్మ కూర్చుంది. ఆమె మనవరాలు డాలీ ఆ వ్యానులోనే ఉంది. కొండబాబు ఆమె మీదికి తిరిగాడు. "నువ్వేటి అమ్మమ్మా, మీకు చర్చి గదా! మీకు ఈ పండగ లేదు గదా!"

"లేదురా. ఈ యేడు కొత్తగా మొదలెట్టినాన్" అంది సవరమ్మ. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

వ్యాను లోంచి తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన దిగాడు. లక్ష్మీప్రసాద్, కాలేజీ పీఆర్వో. బూట్లు బురదలో దిగబడ్డాయి. "ఏంటమ్మా ఇది, పిల్లల భవిష్యత్తు! క్లాసులు మొదలవుతున్నాయి. మీకేం కావాలో చెప్పండి."

"మా గుంటల కాగితాలు."

"అవి సేఫ్‌గా ఉన్నాయమ్మా. లాకర్‌లో. తాళం చైర్మన్ గారి దగ్గర."

"మరి ఫోన్ సెయ్యి."

"ఇక్కడ సిగ్నల్ లేదు."

"ఆ కొండెక్కు. మేం రోజూ ఎక్కుతాం."

ఎవరూ నవ్వు దాచుకోలేదు. లక్ష్మీప్రసాద్ ఎక్కాడు. గంటన్నర తర్వాత పాంటు మోకాళ్ళ దాకా తడిసి దిగాడు. రేపు చూద్దామన్నారని చెప్పాడు. సుక్రి గడ మీద చెయ్యి తీయలేదు. పిల్లలు ఒక్కొక్కరే వ్యాను దిగి అమ్మల పక్కన చేరారు. డాలీ అప్పుడు చెప్పింది, తనకు కావాల్సింది విశాఖలో యూనివర్సిటీ కాలేజీ సీటని, తన ర్యాంకుకు వచ్చేదని, దానిని ఆప్షన్లలో పెట్టనే లేదని. సొంత రాష్ట్రంలోనే ఉండిపోదామనుకున్న పిల్లకు కూడా వీళ్ళు కోరుకునే వీలు లేకుండా చేశారు. రాష్ట్రం మీద ప్రేమ పేరుతో పట్టిన జెండా ఇది!

గురువారం పొద్దున్న మోటారు సైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. సంచీలోంచి ఒక్క ఫైలు తీశాడు. సోనిది.

లక్ష్మీప్రసాద్ గొంతులో తేనె పోసుకున్నాడు. "చూశారా అమ్మా, మాట నిలబెట్టుకున్నాం. మీ అమ్మాయిది వచ్చేసింది. ఇక మీరు లేస్తే, మిగతావాళ్ళతో మేం మాట్లాడుకుంటాం."

కోరాపుట్‌లో మధ్యాహ్నం రైలు. ఇప్పుడు బయల్దేరితే అందుతుంది. పాతిక మంది ఆడవాళ్ళూ సుక్రి ముఖం వైపు చూశారు, ఒక్క సవరమ్మ తప్ప. సవరమ్మ నేల వైపు చూస్తోంది.

సుక్రి ఫైలు తీసుకుంది. చదువు రాదు గనక ఒక్కొక్క కాగితం సోని చేత చదివించింది. అన్నీ ఉన్నాయి. ఫైలు కూతురి సంచీలో పెట్టి, సంచీ మీద రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టింది.

"అమ్మా, డాలీది రాలేదు గదా" అంది సోని. కదల్లేదు.

"అది నా పని. నీ పని రైలెక్కడం. బేగి నడు."

"నువ్వొక్కదానివే..."

"ఒక్కదాన్నేటే, కళ్ళు కనపడతన్నాయా లేదా? ఎల్లు!"

మంగ్లు మోటారు సైకిలు గడ పక్కనుంచి, గట్టు మీదుగా, కోరాపుట్ వైపు పోయింది. మలుపు తిరిగేదాకా సోని వెనక్కి చూస్తూనే ఉంది. సుక్రి చూడలేదు. గడ పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

లక్ష్మీప్రసాద్ గడియారం చూసుకున్నాడు. "మీ పని అయిపోయింది కదమ్మా, ఇంక లేవండి."

"అయిపోనాది బాబూ. అందుకే తీరుబడిగా కూకున్నాను."

తేనె ఎండిపోయింది. పోలీసులు వస్తారన్నాడు, కేసులవుతాయన్నాడు, ఇంత చేసినా మీవాళ్ళు బాగుపడరన్నాడు. చివరి మాట విన్నాక ఆడవాళ్ళ మధ్య నుంచి సుక్రి నేస్తం లేచింది. లక్ష్మీప్రసాద్‌ను దాటి నేరుగా కొడుకు ముందు నిలబడింది.

"ఒరే, నీవి ఇచ్చినారేటి?"

కొండబాబు ముఖం తిప్పుకున్నాడు.

"అడుగుతన్నాను. ఏడేళ్ళయింది ఆళ్ళ కాలేజీలో సేరి. నీ టెంతు కాగితం, నీ ఇంటరు కాగితం, ఇచ్చినారేటి?"

వానలో ఆ మాట అందరికీ వినబడింది. అతన్నీ అలాగే దింపారు. మెకానికల్‌లో వేశారు. పాఠాలు చెప్పేవాడు లేక సబ్జెక్టులు మిగిలిపోయాయి. బకాయి ఉందని కాగితాలు పట్టుకున్నారు. కాగితాలు లేక ఏ ఉద్యోగానికీ పోలేక, చివరికి వాళ్ళ దగ్గరే, తన ఊరి పిల్లల్ని దింపే పనికి కుదిరాడు. ఏడేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తల్లికి కూడా చెప్పలేదు, ఆమే కనిపెట్టింది.

ఒక మనిషి చదువును లాకర్‌లో పెట్టి, అతని చేతనే పక్కింటి పిల్ల చదువును దొంగిలించడం. దీన్ని మించిన తెలివి ఏ మేనేజ్‌మెంట్ కోర్సులో నేర్పుతారో నాకు తెలియదు.

"ఈడిదీ కలిపి పన్నెండు" అంది నేస్తం ఆడవాళ్ళ వైపు తిరిగి. "ఒకటి వచ్చింది. ఇంకా పదకొండు రావాల."

గురువారం రాత్రికి పది వచ్చాయి. కొండబాబుది వెతుకుతున్నామన్నారు. ఆడవాళ్ళు వెతకమన్నారు. శుక్రవారం మధ్యాహ్నం అదీ వచ్చింది, అంచులు చెదలు కొట్టి. అప్పుడు గడ లేచింది. అదే వేళకు నిర్మల టీచర్ కొండ మీద నుంచి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. సోని చేరిపోయింది.

అక్కడేదో స్వర్గం ఉందని చెప్పను. మొదటి వారమే సోని మాట్లాడే ఒడియా విని అడవి ఒడియా అని నవ్వారట. "నవ్వనీ అమ్మా, సీటు నాది గదా" అని చెప్పిందట ఫోనులో. డాలీ, ఇంకో ముగ్గురు తర్వాతి విడతలో తమ ఆప్షన్లు తామే పెట్టుకున్నారు. మిగిలిన ఆరుగురు మళ్ళీ అదే కాలేజీకి వెళ్ళారు. ఇంకెక్కడా దారి కనిపించక వెళ్ళారు. ఈసారి ఒరిజినల్స్ ఇంట్లో పెట్టి, జిరాక్సులు పట్టుకుని వెళ్ళారు. అంతవరకే ఆ గడ గెలిచింది. అంతకు మించి గెలిచిందని రాస్తే నేనూ సగం నిజం చెప్పినట్టే.

కాలేజీవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళ మీద కేసు పెట్టారు. దారికి అడ్డం కూర్చుని, వ్యానును రెండు రోజులు నిర్బంధించారట. సుక్రి మొదటి ముద్దాయి, నేస్తం రెండు, సవరమ్మ మూడు. సాక్షుల్లో మొదటి పేరు కొండబాబుది. అతను కోర్టుకు రాలేదు.

వకీలు వరండాలో మరీ మరీ చెప్పాడు. "ఏమడిగినా లేదండి అనమ్మా. వ్యాను ఆపలేదు, అంతే."

లోపల అడిగారు. "వ్యాను ఆపారా?"

"ఆపినామండి" అంది సుక్రి.

వకీలు తల పట్టుకున్నాడు.

"రెండ్రోజులు ఆపినామండి. మా గుంటల కాగితాలు ఆళ్ళు మూడు నెలలు ఆపినారు. ఈ నేస్తం కొడుకువి ఏడేళ్ళు. మా కేసు ఇక్కడ రాసుకున్నారు గదండి, మరి ఆ కేసు ఎక్కడ రాత్తారండి? ఆ గది సూపిత్తే ఈరోజే ఎల్లి రాయించుకుంతాం."

గుమస్తా కాసేపు ఆమెను చూసి, తలవంచుకుని తర్వాతి వాయిదా తేదీ రాశాడు.